ఖాళీ కుర్చీకి ఓటు



పంచాయతీ ఎన్నికలొస్తే మన ఊళ్ళల్లో గుర్తుల మాటే మాట. ఉంగరం, కత్తెర, ఫుట్‌బాల్ అంటూ ఓటు లేని పిల్లలు కూడా వీధి వీధీ అరుచుకుంటూ తిరుగుతారు. నేనుండే ఛత్తీస్‌గఢ్‌లో ఇంకో రకం ఓటింగు కూడా ఉంది. అందులో పోటీదారులుండరు. బ్యాలెట్ కాగితం మీద రెండే బొమ్మలు. ఒకటి మనిషి కూర్చున్న కుర్చీ, రెండోది ఉత్త కుర్చీ. పదవిలో ఉన్న మనిషి కొనసాగాలంటే మొదటి బొమ్మ మీద ముద్ర వెయ్యాలి. దిగిపోవాలంటే రెండో దాని మీద. ఇక్కడి జనం దీన్ని ‘ఖాళీ కుర్సీ, భరీ కుర్సీ’ చునావ్ అంటారు.

గెలిపించిన ఓటరే మధ్యలో దించెయ్యగల ఈ ఓటు గురించి ఈవేళ చెప్తాను. ఇంగ్లీషులో దీన్ని రీకాల్ అంటారు. ఇక్కడి రాజధాని రాయపూర్ మనకేమీ కొత్త ఊరు కాదు. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా ఇక్కడి దాకా 1931లోనే రైలు పట్టాలు పడ్డాయి. రైల్వేలో కొలువులకనీ, తరవాత భిలాయి ఉక్కు కర్మాగారంలో పనికనీ వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు బోలెడు. అయినా మన పత్రికల్లో ఈ రాష్ట్రం పేరు కనబడిందంటే అడవి గురించో ఎన్‌కౌంటర్ గురించో అయి ఉంటుంది. ఊరి పంచాయతీ గురించి రాయరు.

కుర్చీల పద్ధతిని ఛత్తీస్‌గఢ్ కొత్తగా కనిపెట్టలేదు. 2000 నవంబరు 1న మధ్యప్రదేశ్ నుంచి వేరుపడ్డప్పుడు ఆస్తులూ అప్పులతో పాటు చట్టాలు కూడా వాటాకొచ్చాయి. వాటిలో ఇదొకటి. ఆ చట్టం కింద తొలిసారి కుర్చీ ఖాళీ చేయించింది 2001లో మధ్యప్రదేశ్‌లోని అనూప్‌పూర్ పట్టణం. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్ళే దారిలో రైలు ఆగే ఊరు. అక్కడి పురపాలక అధ్యక్షురాలిని ఓటర్లు దింపేశారు. మొదట దిగింది ఒక మహిళ అన్న సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరకు వస్తాను.

ఛత్తీస్‌గఢ్ వంతు 2008 జూన్‌లో వచ్చింది. గుండర్‌దేహి, నవాగఢ్, రాజ్‌పూర్. మూడూ నగర పంచాయతీలు. నగర పంచాయతీ అంటే మీకు తెలుసు కదా, పల్లెకు ఎక్కువ, పట్టణానికి తక్కువ. అధ్యక్షుడి ఇల్లెక్కడో, ఆయన బావమరిది కాంట్రాక్టులేమిటో, ఏ వీధిలో సిమెంటు రోడ్డు ఎక్కడ ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో ఓటర్లందరికీ నోటికి వచ్చు. ఆ మూడు చోట్లా ఖాళీ కుర్చీయే గెలిచింది. నాలుగేళ్ళ తరవాత, 2012లో, రాజస్థాన్ బారాఁ జిల్లా మాంగ్రోల్‌లో ఇలాంటి ఓటింగే పెడితే అక్కడ నిండు కుర్చీ గెలిచింది. ఉన్నాయనే ఉన్నాడు.

1974లో బీహార్ ఉద్యమంలో జయప్రకాశ్ నారాయణ్ ఎమ్మెల్యేల విషయంలో అడిగింది ఈ హక్కునే. ఎమ్మెల్యేలకు, ఎంపీలకు నేటికీ ఇది లేదు. 2003లో అమెరికాలో కాలిఫోర్నియా జనం గవర్నర్‌ని ఓటేసి దింపి సినిమా హీరోని కూర్చోబెడితే లోకమంతా చెప్పుకుంది. గుండర్‌దేహి గురించి ఎవరు చెప్పుకుంటారు!

సరే, ఇది ఎలా నడుస్తుందో చూద్దాం. అసలు సంగతి అందులోనే ఉంది.

పట్టణంలో ఒక దారి, పల్లెలో ఇంకో దారి. పట్టణంలో జనం దీన్ని మొదలుపెట్టలేరు. నెగ్గిన కౌన్సిలర్లలో నాలుగింట మూడు వంతుల మంది సంతకాలు చేసి కలెక్టరుకివ్వాలి. అధ్యక్షుడు ఎన్నికై రెండేళ్ళు నిండి ఉండాలి. సంతకాలు నిజమైనవేనని కలెక్టరు తేల్చుకున్నాక ప్రభుత్వానికి పంపితే, రాష్ట్ర ఎన్నికల సంఘం పోలింగు పెడుతుంది. పోలైన ఓట్లలో సగం దాటితే కుర్చీ ఖాళీ. అంటే నిప్పు ముట్టించేది కౌన్సిలర్లు, ఆ మంట ఉంచాలో ఆర్పాలో చెప్పేది జనం. కౌన్సిలర్లకు అధ్యక్షుడి మీద కోపం ఎందుకొస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఊరి మురిక్కాలువ గురించే వస్తుందని చెప్పలేం, బిల్లుల్లో వాటా గురించి కూడా రావచ్చు. కానీ ఎందుకు మొదలుపెట్టినా చివరికి జనం ముందుకు రావాల్సిందే. నాకు నచ్చింది అదే.

మధ్యలో ఇంకో చిత్రం జరిగింది. 2019 చివర్లో ఇక్కడి ప్రభుత్వం మేయర్లనూ అధ్యక్షులనూ జనం నేరుగా ఎన్నుకునే పద్ధతి తీసేసి, కౌన్సిలర్ల చేత ఎన్నిక చేయించింది. జనం ఎక్కించని కుర్చీని జనం ఖాళీ చేయించడమేమిటి? కుర్చీ బొమ్మలు బీరువాలోకి వెళ్ళిపోయాయి. ప్రభుత్వం మారాక నేరుగా ఎన్నిక మళ్ళీ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో అధ్యక్షుల్ని జనమే ఎన్నుకున్నారు.

ఇక పల్లె. పల్లెలో ఈ హక్కు కాగితం మీద ఇంకా గొప్పగా కనబడుతుంది. ఇక్కడి పంచాయతీ రాజ్ చట్టం 21-ఎ సెక్షన్ ప్రకారం సర్పంచ్‌నైనా, వార్డు సభ్యుణ్ణైనా ఊరే మొదలుపెట్టి ఊరే దించొచ్చు. వార్డు సభ్యుణ్ణి ఇక్కడ పంచ్ అంటారు. మధ్యలో కౌన్సిలరు లేడు, ఇంకెవరూ లేరు. పదవిలోకి వచ్చి రెండున్నరేళ్ళు దాటాలి. గ్రామసభ సభ్యుల్లో, అంటే ఊరి ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్ళలో, మూడో వంతు మంది సంతకాలు చేసి అధికారికివ్వాలి. తరవాత రహస్య ఓటింగు. మొత్తం సభ్యుల్లో సగానికి మించి దిగమంటే దిగాలి. వచ్చి ఓటేసిన వాళ్ళలో సగం కాదు, జాబితాలో ఉన్న మొత్తం పేర్లలో సగం.

ఒక ఊహా లెక్క వేసుకోండి. ఊళ్ళో 900 ఓట్లున్నాయి. సర్పంచ్ పదవికి ఐదుగురు నిలబడ్డారు. ఓట్లు చీలిపోయి ఒకాయన 250తో గెలిచాడు. బాగానే ఉంది, ఎన్నికంటే అంతే. రెండున్నరేళ్ళకు ఊరు విసిగిపోయింది. దించాలంటే 300 సంతకాలు, ఆ తరవాత 451 ఓట్లు కావాలి. ఎక్కడానికి 250 చాలినవాణ్ణి దించడానికి 451 కావాలన్నమాట. అంతటితో అయిపోలేదు. ఆ 900 మందిలో ఓటింగు రోజున ఊళ్ళో ఎంతమంది ఉంటారు?

ఇక్కడే మన రాష్ట్రాలు ఈ కథలోకి వస్తాయి. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో వరి కోతలు అయిపోగానే జనం మూటాముల్లె సర్దుకుని వలస పోతారు. కొందరు ఇటుక బట్టీలకు, కొందరు ఊళ్ళల్లో కట్టుబడి పనులకు. బస్తర్ వైపు సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి మిరప కోతలకు గోదావరి దాటి మన వైపు వస్తారు. ఖమ్మం, భద్రాద్రి, ములుగు జిల్లాల్లో ఎర్రటి కల్లాల పక్కన తాటాకులో టార్పాలినో కప్పిన గుడిసెల్లో ఉండి కోసిపెట్టేది వీళ్ళే. మిరప చేలో ఘాటు ఎలా ఉంటుందో కోసినవాళ్ళకే తెలుసు. సాయంత్రానికి వేళ్ళు మండుతుంటాయి, అదే చేత్తో పిల్లకు అన్నం కలిపి పెట్టాలి. కూలీ డబ్బుగానో కాయగానో తీసుకుని ఎండలు ముదిరే వేళకు ఇళ్ళకు తిరిగి వెళ్తారు.

2025లో ఇక్కడ పంచాయతీ ఎన్నికలు ఫిబ్రవరి 17, 20, 23 తేదీల్లో మూడు విడతలుగా జరిగాయి. ఖమ్మం మార్కెట్లో మిర్చి బస్తాలు కొండల్లా పేరుకునే రోజులవి. కోతకొచ్చిన మనిషి సగం కూలీ వదులుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని ఓటుకి వెళ్ళాలా, వద్దా? కొందరు వెళ్తారు. అభ్యర్థి జీపు పంపితే ఇంకా కొందరు వెళ్తారు. మామూలు ఎన్నికలో రానివాడి ఓటు ఎవరికీ పడదు, దానితో పెద్ద ప్రమాదం లేదు. కుర్చీల ఓటింగులో అలా కాదు. మొత్తం పేర్లలో సగం కావాలన్నారు కాబట్టి రానివాడి ఓటు పడనక్కర్లేకుండానే సర్పంచ్ ఖాతాలో చేరుతుంది. మా 900 మంది ఊళ్ళో 300 మంది వలసలో ఉంటే, మిగిలిన 600 మందిలో 451 మంది ఖాళీ కుర్చీ మీదే ముద్ర వెయ్యాలి. నలుగురిలో ముగ్గురన్నమాట! చట్టం రాసినవాళ్ళు ఊరంటే ఊళ్ళోనే ఉంటుందనుకున్నారు.

పల్లెలో రీకాల్ మాట వినబడేంతగా ఓటింగు కనబడకపోవడానికి ఇదొక్కటే కారణం కాదు. నన్నడిగితే దీనికంటే గట్టి అడ్డంకి సంతకం.

ఓటు రహస్యం, సంతకం బహిరంగం. మూడో వంతు ఊరు పేరు రాసి, సంతకమో వేలిముద్రో వేసి ఇచ్చిన కాగితం అధికారి దగ్గరకు వెళ్తుంది. ఆ కాగితంలో ఎవరెవరున్నారో సర్పంచ్‌కి ఆ సాయంత్రానికే తెలుస్తుంది. ఉపాధి హామీ పనికి పేరు రాసేటప్పుడు, ఇంటి మంజూరుకి తీర్మానం చేసేటప్పుడు ఆ జాబితా ఆయన మనసులో ఉంటుంది. పైగా ఆయన పరాయివాడు కాదు. చెల్లెల్ని ఆ ఇంటికే ఇచ్చి ఉంటారు, పొలానికి నీళ్ళు ఆయన గట్టు మీంచే రావాలి. పట్నంలో మనం నోటా నొక్కి ఇంటికొచ్చి టీ తాగుతాం, ఎవడికీ తెలీదు. పల్లెలో ఒక సంతకానికి రెండున్నరేళ్ళ కాపురం పణం పెట్టాలి.

ఆ మాటకొస్తే పల్లెలో ఓటు కూడా మనం అనుకునేంత రహస్యమేమీ కాదు. ఇక్కడ ఒక్కో పంచాయతీకి పది నుంచి ఇరవై వార్డులుంటాయి. రాష్ట్రమంతటా పంచ్ పదవులే లక్షా 60 వేలు, సర్పంచ్ పదవులు 11 వేల పైచిలుకు. సగటున వార్డుకు వందకు అటూ ఇటూగా ఓట్లు. ఓటరు చేతికి నాలుగు కాగితాలిస్తారు. పంచ్‌కి తెల్లది, సర్పంచ్‌కి నీలం, మన మండల పరిషత్ లాంటి జనపద్ పంచాయతీ సభ్యుడికి పసుపు, జిల్లా పంచాయతీ సభ్యుడికి గులాబీ. మన వైపు సర్పంచ్‌కి గులాబీ కాగితం ఇస్తారు కదా, అక్కణ్ణుంచి ఇక్కడికి కాపురానికొచ్చిన పిల్ల తొలిసారి తికమక పడిందంటే ఆశ్చర్యం లేదు. పోలింగు ముగియగానే పెట్టెలు ఎక్కడికీ పోవు. ఆ బడిలోనే, ఆ బల్లల మీదే తెల్లవి ఒక దగ్గర, నీలానివి ఒక దగ్గర పేర్చి లెక్కపెడతారు. కిటికీ ఊచలు పట్టుకుని ఊరంతా చూస్తూ ఉంటుంది. వంద ఓట్ల వార్డులో నాకు అనుకున్నదానికి రెండు తగ్గి 38 వచ్చాయంటే, మాటిచ్చి తప్పిన ఆ ఇద్దరెవరో తేల్చడానికి పెద్ద లెక్కలు రానక్కర్లేదు. ఓడినవాడు నెల రోజులు ఆ పనిమీదే ఉంటాడు.

అందుకే పల్లెలో సర్పంచ్‌ని దించాలనుకునేవాళ్ళు కుర్చీ బొమ్మల దాకా వెళ్ళరు. అవిశ్వాస తీర్మానం అనే దగ్గర దారి ఉంది. పంచ్‌లు నోటీసిచ్చి, సమావేశం పెట్టించి, ఓటేసి దింపెయ్యొచ్చు. వచ్చి ఓటేసిన వాళ్ళలో నాలుగింట మూడు వంతులు కావాలి, అది మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులు దాటాలి. పది పదిహేను మందిని చేతిలో పెట్టుకుంటే చాలన్నమాట. ఆ చేతిలో పెట్టుకోవడమేమిటో మన తెలుగువాళ్ళకు వివరించడం అనవసరం. క్యాంపు రాజకీయాలు మనం బాగా చూసినవే. ఇక్కడా అంతే, సమావేశానికి ముందు పంచ్‌లు ఉన్నట్టుండి తీర్థయాత్రలకు బయల్దేరతారు.

ఇప్పుడు అనూప్‌పూర్ దగ్గరకు వస్తాను. దించే హక్కు ఎవరిమీద పనిచేస్తుంది? ఛత్తీస్‌గఢ్‌లో 2008లో చేసిన సవరణ ప్రకారం పంచాయతీ పదవుల్లో సగం మహిళలవే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగమే. తరతరాలుగా ఊరిని చేతిలో పెట్టుకున్న ఇంటివాళ్ళు, ఆ సీటు మహిళకో దళితులకో ఆదివాసీలకో రిజర్వు కాగానే తమ మాట వినే మనిషిని నిలబెడతారు. గెలిచిన ఆమె ఏడాదికో రెండేళ్ళకో సొంతంగా సంతకం పెట్టడం నేర్చుకుంటే, ఆ రోజు నుంచీ ఆమె మీద అవిశ్వాసమో రీకాలో అన్న గుసగుస మొదలవుతుంది. మాట వింటున్నంత కాలం ఆమె పని బాగానే ఉంటుంది మరి! ఈ హక్కుని సమర్థించే నాలాంటివాళ్ళు ముందుగా జవాబు చెప్పుకోవాల్సింది దీనికి.

రెండోవైపు కూడా ఉంది. 2025 మార్చిలో కబీర్‌ధామ్ జిల్లా పరస్‌వారా పంచాయతీలో కొత్తగా గెలిచిన ఆరుగురు మహిళా పంచ్‌లకు బదులు వాళ్ళ భర్తలొచ్చి ప్రమాణ స్వీకారం చేశారు. ఆ వీడియో బయటికొచ్చి దేశమంతా చూశాక పంచాయతీ కార్యదర్శిని సస్పెండ్ చేశారు. అక్కడ రేపు రీకాల్ పెడితే దిగేది ఎవరు? కుర్చీ బొమ్మలో కూర్చున్నది ఆమె. ఊళ్ళో తిరిగి సంతకాలు పెట్టింది ఆయన. తప్పు ఆయనది, దిగేది ఆమె. ఈ చిక్కుకి ఏ సెక్షన్‌లోనూ మందు లేదు.

మన రాష్ట్రాల సంగతి చూస్తే, జనం నేరుగా ఎన్నుకున్న సర్పంచ్ మీద అవిశ్వాసం పెట్టే వీల్లేదు. ఉపసర్పంచ్ మీద పెట్టొచ్చు, మండల పరిషత్ అధ్యక్షుడి మీద పెట్టొచ్చు. సర్పంచ్‌ని కదపాలంటే కలెక్టరే. ఫిర్యాదు వెళ్తుంది, విచారణ జరుగుతుంది, ఓ రోజు సస్పెన్షన్ కాగితం వస్తుంది. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీకి కానివాళ్ళ మీదే ఆ కాగితాలు వేగంగా కదులుతాయని ఊళ్ళల్లో ఒక అభిప్రాయం ఉంది, అది ఊరికే పుట్టిందనుకోను. తెలంగాణలో 2018 చట్టం ఉపసర్పంచ్ చేతికి కూడా చెక్కు మీద సంతకం ఇచ్చింది, దాంతో తగువు ఆఫీసులోకి మారింది. ఊరి ఓటరుకి మాత్రం ఐదేళ్ళకోసారి తప్ప పని లేదు.

ఆ ఐదేళ్ళకోసారి కూడా లేకుండా చేస్తే బహుమతి ఇస్తాం మనం. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవాలకు రేటు కట్టింది. రెండు వేల లోపు జనాభా ఉంటే ఐదు లక్షలు, ఐదు వేల లోపైతే పది, పది వేల లోపైతే పదిహేను, ఆ పైన ఇరవై లక్షలు. తగువుల్లేకుండా పోతాయన్నది దాని వెనకున్న వాదం. నిజంగా ఊరంతా కూర్చుని ఒక మంచి మనిషిని పెట్టుకుంటే అంతకంటే కావాల్సిందేముంది. కానీ రామాలయం కట్టిస్తానన్నవాడికి పదవి వేలంపాటలో పాడేసే ఊళ్ళ గురించి కూడా మనం ప్రతి ఎన్నికకీ చదువుతున్నాం. అలా కూర్చున్నవాణ్ణి ఏ ఓటుతో దించుతారు? అసలు ఓటే పడలేదు.

అన్నీ చూశాక కూడా నేను ఖాళీ కుర్చీ పక్షమే. అయితే ఉన్నదున్నట్టుగా కాదు. సంతకాల కాగితం సర్పంచ్ కంట పడకుండా, ఓటరు ఒంటరిగా వచ్చి అధికారి ముందు పెట్టి వెళ్ళే ఏర్పాటు కావాలి. మొత్తం పేర్లలో సగం అన్న షరతు తీసేసి, పోలైన ఓట్లలో సగం అనాలి. కనీసం ఇంతమంది వచ్చి ఓటెయ్యాలని ఒక గీత గీస్తే సరిపోతుంది. మహిళను దించితే అదే వర్గం మహిళే మళ్ళీ ఆ కుర్చీలోకి వచ్చేలా చూడాలి. అప్పుడు పెద్దింటివాళ్ళకు ఆమెను దించి లాభం ఉండదు. ఇవన్నీ రాయపూర్ అసెంబ్లీలో ఒక సవరణతో అయ్యే పనులే. చేస్తారని మాత్రం నాకు నమ్మకం లేదు. సర్పంచ్‌ని దించడం తేలికైతే ఎమ్మెల్యే మాటేమిటని ఎవరో ఒకరు అడుగుతారు కదా!

చట్టం మారేదాకా ఉన్నదానితోనే నడుపుకోవాలి. 2025 మార్చిలో బాధ్యతలు తీసుకున్న ఇక్కడి సర్పంచ్‌లకు రెండున్నరేళ్ళు 2027 సెప్టెంబరుకి నిండుతాయి. సంతకాలు సేకరించాలనుకునే ఊరు ఏదైనా ఉంటే, కోతలకని జనం ఇళ్ళల్లో ఉండే అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఆ పని మొదలుపెట్టాలి. ధాన్యం సొసైటీకి తోలి డబ్బు చేతికి రాగానే లారీలు కదులుతాయి. జనవరిలో ఓటింగు పెడితే సగం ఊరు ఇటుక బట్టీల దగ్గరో, మిరప చేలల్లోనో ఉంటుంది.